గెలంతా అరటిపళ్ళే

"అలాంటి పోస్టేదీ ఆటలో లేదు మామ్మగారూ. ఆడితే ఆడాల, లేపోతే బెంచీ మీద కూకోవాల."

"నిన్నటిదాకా ఉంది కదా తాతగారూ. ఇయ్యాల ఎవులు తీసీసినారు?"

"నాను సూడనప్పుడు ఎట్టీసుకున్నారు. ఇప్పుడు సూసినాను, తీసీసినాను."

"మీరు తీసీడానికి ఇదేటి, మీ ఫ్యాక్టరీ అనుకున్నారా? నాలుగేళ్ళ గుంట అది. దొంగని సేత్తే లెక్కెట్టగలదా, పరిగెత్తగలదా? అరటిపండుగా ఉండనీండి. మీకేటి నట్టం?"

"నట్టం గురించి కాదు, పద్ధతి. అరటిపండంటే ఏటి? ఆటలో ఉన్నట్టే ఉంటాది, లెక్కలో ఉండదు. లెక్కలో లేని మనిసి గేటు లోపల ఎలగుంటాది?"

ఈ ఆఖరి మాటతో నా కొంప మునిగింది. తగువులో పడి నేను వెనక్కి చూసుకోలేదు. మా చిన్నది నా కొంగు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. నోట్లో వేలుంది గాని, చెవులు రెండూ మా మీదే ఉన్నాయి.

ఈ తాతగారెవరో, అరటిపండు సంగతేమిటో ముందు చెప్పాలి.

మా అబ్బాయికి అచ్యుతాపురంలో పని. తెల్లారకుండా కంపెనీ బస్సెక్కితే దీపాలు పెట్టాక దిగుతాడు. కోడలి ఆఫీసు మద్దిలపాలెంలో. బడి వదిలిన దగ్గర్నుంచి వాళ్ళిద్దరూ ఇంటికి చేరేదాకా పిల్లలు నా చేతిలో ఉంటారు. పెద్దోడికి ఎనిమిదేళ్ళు, చిన్నదానికి నాలుగు. ఇంట్లో ఉంచితే సోఫా ఎక్కి దూకుతారు. సోఫా మాది, పార్కులో బల్లలు మావి కాదు. అందుకని రోజూ సాయంత్రం వాళ్ళని పార్కుకి తోలుకుపోతాను.

నా పద్ధతులు నాకున్నాయి. తాగడానికి నీళ్ళు ఇంటి నుంచే. తినడానికి మరమరాలు, పాత పాలపొడి డబ్బాలో. గేటు దగ్గర పీచుమిఠాయి వైపు తల తిప్పినవాడికి ఆ పూట ఉయ్యాల లేదు. చెప్పులు వేసుకుని జారుడుబల్ల ఎక్కకూడదు. జారుతూ మడమలు ఆనించి ఆపుకుంటారు, చెప్పులు అరిగిపోతాయి. మెట్ల కింద విప్పి, రెండూ పక్కపక్కన జతగా పెట్టి ఎక్కాలి. ఈ ఒక్కటీ మా చిన్నది నేను చెప్పకుండానే చేస్తుంది.

పెద్దోడి నిక్కరు మాత్రం చెప్పినట్టు వినలేదు. బడి తెరిచిన నెలకే వెనకవైపు గుడ్డ అవతలి మనిషి కనబడేంత పల్చబడిపోయింది. మా ఇంట్లో ఊచలు విరిగిన గొడుగు ఒకటుంటే ఆ గుడ్డ కోసి రెండు వరసలు అతుకేసి కుట్టాను. గొడుగు గుడ్డ అరగదు, నీళ్ళు దిగవు. అంతవరకే ఆలోచించాను. అది ఎంత జారుతుందో ఆలోచించలేదు. మొదటిరోజు వాడు జారుడుబల్ల మీంచి వచ్చి, కింద ఆగకుండా, ఇసక దాటి, గడ్డి దాటి వాచ్‌మాన్ కుర్చీ కాళ్ళ దగ్గర ఆగాడు. మర్నాడు పార్కులో పిల్లలందరికీ గొడుగు అతుకులు కావలసి వచ్చాయి. విరిగిన గొడుగులు తెచ్చుకోండి, కుట్టిపెడతానన్నాను. ఇద్దరు బాగున్న గొడుగులే తెచ్చారు. వాళ్ళ అమ్మలు వెనకాలే వచ్చారు.

నేను చదివింది మూడో తరగతి. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాను, అందుకని ఒకసారి చదివింది మర్చిపోను. ఆటబల్లల దగ్గర బోర్డు ఉంది. పన్నెండేళ్ళు దాటినవారు ఆట పరికరాలు ఎక్కరాదు. కాలేజీ కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని ఉయ్యాలల్లో కూర్చుంటే ఈ బోర్డు వాళ్ళకి పైకి చదివి వినిపించి లేపేదాన్ని. వాళ్ళు నన్ను చూస్తేనే లేచిపోవడం అలవాటు చేసుకున్నారు.

తాతగారిది ఇంకో రకం. ఉక్కు ఫ్యాక్టరీలో బతుకంతా షిఫ్టులు చేసి రిటైరైన మనిషి. మెళ్ళో తాడుకి ఈల కట్టుకుని మనవడితో వచ్చేవాడు. ఉయ్యాల దగ్గర పిల్లల్ని మూడు షిఫ్టులు చేశాడు. ఈల ఊదితే ఎ షిఫ్టు దిగాలి, బి షిఫ్టు ఎక్కాలి. సి షిఫ్టుకొచ్చేసరికి చీకటి పడిపోతుంది కాబట్టి ఆ షిఫ్టులో పడ్డ పిల్లలు ఏడుస్తూ ఇంటికెళ్ళేవారు. ఆయనా నేనూ ఇంచుమించు ఒకటే పని చేస్తున్నాం, అందుకే మా ఇద్దరికీ పడేది కాదు.

ఇక అరటిపండు. పిల్లలు రోజూ దాగుడుమూతలాడతారు. ఒకళ్ళు దీపస్తంభానికి మొహం ఆనించి నూరు లెక్కపెట్టాలి, వాళ్ళు దొంగ. మిగిలినవాళ్ళు దాక్కోవాలి. దొంగ ముందుగా ఎవర్ని వెతికి ముట్టుకుంటే వాళ్ళు తర్వాత దొంగ. మా చిన్నది ఆటలో చేరిన మొదటిరోజే దొరికింది. దొంగని చేసి స్తంభం దగ్గర నిలబెట్టారు. ఆరు దాకా లెక్కపెట్టి, ఏడు గుర్తుకు రాక, ఉయ్యాల ఖాళీగా కనబడితే వెళ్ళి ఊగుతూ కూర్చుంది. దాక్కున్న పిల్లలు చాలాసేపు పొదల్లో దోమలు కుట్టించుకున్నారు. తర్వాత అందరూ కలిసి నా మీదికొచ్చారు.

మా చిన్నప్పుడు ఇలాంటి పసివాళ్ళని అరటిపండుగా పెట్టుకునేవాళ్ళం. అరటిపండు అందరితో పాటు పరిగెడుతుంది, దాక్కుంటుంది, కేకలేస్తుంది. గాని దాన్ని ఎవరూ పట్టుకోరు, దొంగని చెయ్యరు. ఈ ఫ్లాట్ల పిల్లలకి ఆ మాటే తెలీదు. నేను చెప్పాను. సరేనన్నారు. అరటిపండంటే ఏటి మామ్మా అని చిన్నది అడిగింది. బట్టలు ఆరేసుకుని వచ్చాను, మబ్బు పడుతోంది, నాకు తొందరగా ఉంది. ఆటలో అది పెద్ద ఉజ్జోగమే, అందరికీ ఇవ్వరు అన్నాను.

ఆ అబద్ధం నాకు చాలా పని పెట్టింది. తనకి ఉద్యోగం వచ్చిందని అది మా మెట్లన్నీ ఎక్కి ప్రతి తలుపుకీ చెప్పి వచ్చింది. బడిలో కూడా చెప్పింది. టీచరు దాన్ని వేషాల పోటీ అనుకుని, పాపకి పసుపు గౌను కావాలని కోడలికి కబురు పంపింది. కోడలు ఫోనులో అద్దె వేషాలు వెతుకుతూ కూర్చుంటే నేను వద్దని, పాత తెల్ల గౌనొకటి బకెట్లో పసుపు కలిపి నానబెట్టాను. అదే బకెట్లో మా అబ్బాయి తెల్లచొక్కాలు రెండు అడుగున ఉన్నాయని తర్వాత తెలిసింది. ఫ్యాక్టరీలో వాడిని ఇంట్లో పెళ్ళా అని అడిగారట.

రెండు వారాలు ఉద్యోగం బాగానే సాగింది. తర్వాత చిన్నదానికి ఏదో లోపం కనబడింది. అది దీపస్తంభం వెనకాల దాక్కునేది. స్తంభం చెయ్యంత లావు, అటు మోచెయ్యి, ఇటు మోచెయ్యి కనబడుతుంటాయి. నాను ఇక్కడ్లేను అని అరిచేది. దొంగ దాని పక్క నుంచే నడిచి, అవతల పొదలో ఉన్నవాడిని లాగేవాడు. ఒకనాడు దొంగ కాళ్ళ మీదే వెళ్ళి కూర్చుంది. వాడు కాళ్ళు లాక్కుని వేరేవాళ్ళని వెతకడానికి పోయాడు.

ఇంటికి వస్తూ దారిలో నన్ను అడిగింది.

"మామ్మా, నాను బాగా దాక్కుంటన్నానా?"

"బాగానే దాక్కుంటన్నావ్."

"అందుకే దొరకటం లేదా?"

"అందుకే."

కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది. "ఎవులు దొరికినా ఒక కేక ఏస్తారు కదా. నాకు ఆ కేక కావాల."

దానికి కావలసింది అదొక్కటే. మిగతా పిల్లలు దొరక్కూడదని పొదల్లో చొక్కాలు చింపుకుంటుంటే ఇది ఒక్కసారి దొరకాలని చూస్తోంది. ఏదో ఒకటి చేద్దాంలే అన్నాను. ఏమీ చెయ్యలేదు.

ఆ శనివారం తాతగారు ఉయ్యాల షిఫ్టులు చాలక దాగుడుమూతలు కూడా తన కిందికి తెచ్చుకున్నాడు. ఈల ఉన్న మనిషే పెద్ద అనుకుని చిన్నది తిన్నగా ఆయన దగ్గరికి పోయి, తాతా నన్ను పట్టుకోమని వాళ్ళకి చెప్పు అని అడిగింది. ఆయన విచారణ మొదలుపెట్టాడు. నువ్వేటి, అరటిపండు, అంటే ఏ గ్రేడు, ఎవరు వేశారు. వేసింది నేనని తేలింది. అక్కడ మొదలైన తగువే మీకు ముందు చెప్పింది.

చిన్నది నోట్లోంచి వేలు తీసింది.

"మామ్మా, నాను లెక్కలో లేనా?"

తాతగారు ఈల వైపు చూసుకున్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఒకే పిల్లకి ఒకే విషయంలో రెండోసారి అబద్ధం ఆడడం నా వల్ల కాలేదు.

"లేవే" అన్నాను.

అది ఏడవలేదు. కొంగు వదిలేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, "అయితే అరటిపండు నాకొద్దు" అంది. ఆ నిలబడడం నాదే, ఎక్కడ నేర్చిందో అడగక్కర్లేదు.

అంతటితో అయిపోయేది. కాని తాతగారి మనవడికి తొమ్మిదేళ్ళు, బుర్ర బాగా తిరుగుతుంది. అంతా విని, నెమ్మదిగా తాత దగ్గరికొచ్చాడు.

"తాతా, అరటిపండుని పట్టుకోరా?"

"పట్టుకోరు."

"దొంగని సెయ్యరా?"

"సెయ్యరు."

"అయితే ఆ పోస్టు కాళీయే కదా. నాను అరటిపండు."

మా పెద్దోడు వెంటనే నాను కూడా అన్నాడు. తర్వాత కవల అమ్మాయిలిద్దరూ. తర్వాత సైకిలు మీద వచ్చే పిల్లోడు సైకిలు దిగకుండానే. మిగిలిన ఒక్క పిల్ల, ఆవేళే ఆటలో చేరి అరటిపండంటే తెలీకపోయినా, అందరూ అయిపోయాక తనెందుకు మానాలని అయిపోయింది. తాతగారు ఈల మీద ఈల ఊదాడు. ఎవరి తరపున ఊదుతున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. పార్కులో ఏడుగురు పిల్లలు ఆడుతుంటే ఆరుగురు అరటిపళ్ళే, గెల వేసినట్టు. గెలలో లేనిది మా చిన్నది ఒక్కతే.

దొంగ ఎవరన్నది తేలలేదు. అరటిపళ్ళు దొంగ కావు. చిన్నది దాక్కోవాలంటోంది. తాతగారు ఈల నోట్లోంచి తీసి నా వైపు తిరిగాడు.

"ఈ పోస్టు తెచ్చినోలే దొంగ."

పిల్లలు చప్పట్లు కొట్టారు. నా మోకాళ్ళ సంగతి చెప్పాను, ఇంట్లో బియ్యం ఏరుకోవాలని చెప్పాను. ఎవరూ వినిపించుకోలేదు. చిన్నది మాత్రం నా వేలు పట్టుకుని దీపస్తంభం దగ్గరికి తీసుకుపోయి, నా నడుం పట్టుకుని తిప్పి, మొహం స్తంభం వైపుకి పెట్టింది. కళ్ళు మూసుకున్నానో లేదో వంగి చూసి మరీ వెళ్ళింది.

నూరు లెక్కపెట్టమన్నారు. నాకు లెక్కలు బడిలో వచ్చినవి కావు. తగరపువలస సంతలో మా అమ్మ పక్కన కూర్చుని వంకాయలూ కొబ్బరికాయలూ లెక్కపెట్టగా వచ్చినవి. అక్కడ ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టరు, నాలుగేసి తీస్తారు. నాలుగు ఒక పుంజీ. పుంజీడు, రెండు పుంజీలు, మూడు పుంజీలు. ఇప్పటికీ నూరంటే నా నోటికి అలాగే వస్తుంది. ఇరవై అయిదు పుంజీలు అనేసి కళ్ళు తెరిచి తిరిగాను.

చిన్నది నాకు ఆరడుగుల దూరంలో కూర్చుని చెప్పులు విప్పుకుంటోంది. ఒకటి విప్పేసింది. రెండోదానికి ఇంకా వేళ్ళు ఇరుక్కుని ఉన్నాయి. నన్ను చూసి దాని మొహం మాడిపోయింది.

తాతగారి ఈల మోగింది. "సెల్లదు. ఇరవై అయిదే లెక్కెట్టినారు."

"ఇరవై అయిదు పుంజీలు, తాతగారూ. నూరు."

"పుంజీల్లో లెక్కెట్టడానికి ఇవేటి, కోడిగుడ్లా?"

"అరటిపళ్ళే కదా."

ఆయనకి నవ్వొచ్చింది గాని ఈల నోట్లో ఉండడం వల్ల అది కూతలా బయటికొచ్చింది. పిల్లలు ఇంకో ఫౌలేమో అనుకున్నారు. మొత్తానికి నా లెక్క కొట్టేశారు. ఈసారి తాతగారే నా పక్కన నిలబడి ఒకటీ రెండూ అని పద్ధతిగా నూరు దాకా లెక్కపెట్టాడు. మధ్యలో హార్బరు వైపు ఓడ కూసింది. ఆయన ఆగి, ఎక్కడున్నానో మర్చిపోయి, అరవై నుంచి మళ్ళీ అందుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

కళ్ళు తెరిచేసరికి చిన్నది లేదు.

స్తంభం వెనక లేదు. బెంచీ కింద లేదు. గోరింట పొదలో ముగ్గురు అరటిపళ్ళు దొరికారు, మేం కాదు మామ్మా మేం అరటిపళ్ళం అని నవ్వారు. సైకిలు పిల్లోడు సైకిలు వెనక దాక్కుని నన్ను పలకరించాడు. నీళ్ళ ట్యాంకు వెనక వెతికాను, వాచ్‌మాన్ గది వెనక వెతికాను. రెండు వారాలు కళ్ళెదుట నిలబడ్డ పిల్ల, వెతికేసరికి నిజంగా దాక్కుంది. గేటు వైపు ఒకసారి చూశాను. అవతల రోడ్డు. ఇక నవ్వులాటలో నేను లేను. గట్టిగా పిలుద్దామని నోరు తెరిచాను.

అప్పుడు కనబడ్డాయి చెప్పులు. గొట్టం జారుడుబల్ల మెట్ల దగ్గర, రెండూ పక్కపక్కన, జతగా.

ఆ గొట్టం పైన మొదలై మెలిక తిరిగి కింద ఇసకలో తెరుచుకుంటుంది. కింది నుంచి వంగి చూశాను. మెలిక దగ్గర, రెండు మడమలూ గోడకి తన్ని పట్టి, మా చిన్నది కూర్చుని ఉంది.

"దొరికావే, దిగు" అన్నాను.

"ముట్టాల" అంది లోపల్నుంచి.

"కనబడతన్నావ్ కదా."

"కనబడితే కాదు. ముట్టాల."

తాతగారిని చూశాను. రూలు అదేనన్నాడు.

నేను ఆలోచించింది ఇదీ. పైనుంచి ఎక్కితే మెట్లు పది, మోకాళ్ళు రెండు. కింది నుంచి చెయ్యి చాపితే మూరెడు దూరం. కొంగు నడుముకి చుట్టి, కళ్ళద్దాలు మావాడికిచ్చి, గొట్టంలో తల పెట్టాను. చెయ్యి అందలేదు. భుజాలు పెట్టాను. ఇంకో జానెడు. మోచేతుల మీద పాకాను. వేళ్ళ చివర్లకీ దాని పాదానికీ మధ్య రెండంగుళాలుండగా నడుం దగ్గర ఆగిపోయాను. ముందుకి పోలేదు. సరేనని వెనక్కి రాబోయాను. చుట్టిన కొంగంతా ఉండ కట్టి, సీసాకి బిరడా బిగించినట్టు బిగిసిపోయింది.

బయట మాటలు గొట్టంలోకి నూతిలోకి వచ్చినట్టు వచ్చాయి. ముందు తాతగారిది.

"ఎక్కడిదాకా ఎల్లారు మామ్మగారూ?"

"సగందాకా."

"ఎవులూ కంగారు పడొద్దు. ఎవులూ ముట్టుకోవద్దు. ముందు పైనుంచి రాకపోకలు ఆపండి." మూడు ఈలలు ఊదాడు. ఫ్యాక్టరీలో మూడు ఈలలకి ఏం చేస్తారో నాకు తెలీదు. ఇక్కడ పార్కులో ఉన్నవాళ్ళందరూ వచ్చి చూశారు.

మావాడు నా కాలు పట్టుకు లాగాడు. కవల పిల్లలు రెండో కాలు అందుకున్నారు. ఇటువాళ్ళు ఒకసారి, అటువాళ్ళు ఒకసారి లాగుతుంటే నేను మరమేకులా తిరగడం మొదలుపెట్టాను. వద్దని అరిచాను. నా అరుపు గొట్టంలో నా చెవులకే వచ్చి తగిలింది. అంతలో ఒక లావు గొంతు, కాలేజీ కుర్రాడిది, నేను ఉయ్యాల మీంచి ఎన్నిసార్లు లేపానో నాకే గుర్తులేని కుర్రాడిది, తాపీగా బోర్డు చదివింది.

"మామ్మా, పన్నెండేళ్ళు దాటినోలు ఎక్కకూడదంట."

"నానెక్కలేదు. కింద నుంచి దూరినాను" అన్నాను.

బోర్డులో దూరడం గురించి లేదని తాతగారు ఒప్పుకున్నాడు.

లోపల నాకూ చిన్నదానికీ మాత్రం వేరే లెక్క నడుస్తోంది. అది వదిలేస్తే జారి నా మీదికొస్తుంది. వదిలేయమన్నాను. ఒద్దంది. తనంతట తను వస్తే అది దొరికినట్టు కాదంట, దిగిపోయినట్టంట. చెయ్యి చాపమంది. చాపిందే కదే ఇది, ఇంక లేదు అన్నాను. అది నా చేతి వైపు చూసింది, తన పాదం వైపు చూసింది. నేను బిగిసిపోయానని దానికప్పుడు తెలిసినట్టుంది.

"నొప్పెడతందా?" అంది.

"లేదు."

"నాను కాలు కొంచెం సాపుతాను. నువ్వు ముట్టు. నాను సాపినానని తాతకి సెప్పకు."

ఒక కాలు చాపింది. రెండు మడమల మీద ఆగిన మనిషి ఒక మడమ తీసేస్తే ఏమవుతుందో నేను చెప్పబోయేలోపే అది వచ్చింది. ముందు దాని పాదం నా చేతిలో పడింది, తర్వాత మనిషంతా నా తల మీద పడింది. ఆ దెబ్బకి బిరడా వదిలింది. నా కాళ్ళు పట్టుకున్న ముగ్గురూ ఇసకలో వెల్లకిలా పడ్డారు, వాళ్ళ మీద నేను, నా మీద చిన్నది. ముక్కులోంచి ఇసక తీసుకుంటున్నాను. ఒక చేత్తో దాని కాలు ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్నాను.

అప్పుడు అది ఆ కేక వేసింది.

రెండు వారాలు దాచుకున్న కేక. కాకులు లేచిపోయాయి. నా చెయ్యి విదిలించుకుని, చెప్పుల్లేకుండా, నాను దొరికిపోయాను, నాను దొరికిపోయాను అని పార్కంతా తిరిగింది. వాచ్‌మాన్‌కి చెప్పింది. నడకకొచ్చిన వాళ్ళకి ఎదురెళ్ళి చెప్పింది. గేటు ఊచల్లోంచి పీచుమిఠాయి అతనికి చెప్పింది. తప్పిపోయి దొరికిందేమోనని అతను దేవుడికి దణ్ణం పెట్టాడు.

తాతగారు ఒక పొడుగు ఈల ఊది, ఆటలో ఫలితం చెప్పాల్సిన పద్ధతిలో చెప్పాడు. "పాప దొరికింది. లెక్కలోకి ఒచ్చింది."

కాలు చాపిన సంగతి నేను ఆయనకి చెప్పలేదు.

రూలు ప్రకారం ఇప్పుడు అది దొంగ. పరిగెత్తుకెళ్ళి దీపస్తంభానికి మొహం ఆనించింది. అప్పటికే వాచ్‌మాన్ తాళాలు ఆడిస్తూ ఒక్కొక్కళ్ళనే బయటికి పంపుతున్నాడు. గెలంతా చెదిరిపోయింది. నాలుగు దాకా లెక్కపెట్టినదాన్ని స్తంభం నుంచి ఊడదీయడం నా వల్ల కాలేదు. నా వంతు నా వంతు అని స్తంభాన్ని కావలించుకుంది. రేపు పొద్దున్న ఆడుదువుగానిలే అన్నాను. ఒట్టా అంది. ఇంటికి పోవాలి కాబట్టి ఒట్టన్నాను.

కొంగు రెండు మూరలు చిరిగింది. గొడుగు గుడ్డ ఇంకా మిగిలి ఉంది గాని, చీరకి అతకదని ఒప్పుకుని ఊరుకున్నాను.

మర్నాడు ఆదివారం. తెల్లారేసరికి మోకాళ్ళు రెండూ బూరెల్లా పొంగి ఉన్నాయి. గోడ పట్టుకుని వంటగదిలోకెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాను. కోడలు ఇంకా లేవలేదు. చిన్నది లంగాతో, జుట్టు రేపుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నువ్వు అరటిపండువా?" అంది.

"కాదు" అన్నాను.

"అయితే దాక్కో."

ఫ్రిజ్ తలుపుకి మొహం ఆనించి లెక్క మొదలుపెట్టింది. పుంజీడు, రెండు పుంజీలు, మూడు పుంజీలు. ఆరు పుంజీల తర్వాత ఎనిమిది పుంజీలు. నేను వంగలేను కాబట్టి తలుపు వెనకాల నిలబడ్డాను. కింద నా కాళ్ళు కనబడుతున్నాయని నాకు తెలుసు. పది పుంజీలు అనేసి తిన్నగా వచ్చి నా పాదం ముట్టుకుంది. కేక వెయ్యమంది. మీ అమ్మ పడుకుందే అన్నాను. చిన్న కేక అంది. చిన్న కేక వేశాను.

ఈలోగా పాలు పొంగి సగం పొయ్యి మీద పోయాయి. గట్టు తుడుచుకుని, మిగిలినవి అందరికీ సర్దాను. నాకు ఆ పూట డికాషనే.